పెన్సిల్ పట్టుకోవడమే రాదు, మూడు నెలల్లో మా పెంకుటిల్లు గీయగలనా?

మందులషాపు | అక్టోబర్ 6, రాత్రి 10:52

అందరికీ నమస్కారమండీ. ఏడాదిగా ఇక్కడ ఊరికే చదువుకుంటూ పోవడమే గానీ ఎప్పుడూ ఏం రాయలేదు. నాకు 44. తణుకు దగ్గర చిన్న మెడికల్ షాపు. బొమ్మలకీ నాకూ ఉన్న సంబంధం ఏంటంటే టెన్త్‌లో సైన్స్ రికార్డు బొమ్మలు మా బెంచీవాడి చేత గీయించుకుని బదులుగా వాడికి లెక్కలు చేసిపెట్టేవాణ్ణి, అంతే.

ఇప్పుడెందుకంటే మా ఊళ్లో తాతగారు కట్టించిన పెంకుటిల్లుంది, పంపకాల్లో బాబాయి వాళ్లకొచ్చింది, సంక్రాంతి వెళ్లాక పడగొట్టి డాబా వేస్తామంటున్నారు. వాళ్లని అనడానికేం లేదు, వర్షాకాలమంతా ఏడుచోట్ల గిన్నెలు పెట్టుకుని పడుకుంటున్నారు పాపం. ఫోటోలు బోలెడున్నాయి. కానీ నా చేత్తో ఒక్కసారి గీయాలని పిచ్చి పట్టింది, ఎందుకో అడక్కండి.

మొన్న మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు టానిక్ అట్టపెట్టె చింపి వెనకవైపు బాల్‌పెన్నుతో గీశా. ఇల్లు మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు చతికిలబడిపోయింది. మా అమ్మాయి చూసి "రైస్ మిల్లా నాన్నా?" అంది.

ఏం కొనాలి, ఎక్కడ మొదలెట్టాలి, అసలీ వయసులో చెయ్యి తిరుగుతుందా? తిట్టకుండా చెప్పండి.

నైట్‌షిఫ్ట్_డల్లాస్ | అక్టోబర్ 6, రాత్రి 11:20

వెల్కమ్ అండీ. నేను 39లో మొదలెట్టా, లాక్‌డౌన్‌లో. చేతిదేం లేదు, సంతకం చేయగలిగిన చెయ్యి బొమ్మ కూడా గీస్తుంది.

కొనడం గురించి మాత్రం నా తప్పు మీరు చేయొద్దు. నేను మొదటిరోజే 24 పెన్సిళ్ల రేకు డబ్బా కొన్నా, ఐదేళ్లయింది, అందులో అరిగినవి మూడంటే మూడు. మీకు హెచ్‌బీ ఒకటి, 4బీ ఒకటి చాలు. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైటూ బంకమట్టీ, మట్టి ఎక్కువైతే గట్టిగా పల్చగా పడుతుంది, అది హెచ్ వైపు, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా నల్లగా పడుతుంది, అది బీ వైపు. హెచ్‌బీ మధ్యలో. హెచ్‌బీతో తేలిగ్గా గీతలు పెట్టుకోవడం, 4బీతో నీడలు దిద్దడం, అంతే లెక్క. ఖరీదైన స్కెచ్‌బుక్ అసలు కొనకండి, పేజీ పాడవుతుందేమో అని భయంతో చెయ్యి బిగుసుకుపోతుంది. జిరాక్స్ షాపులో ఏ4 కట్ట తెచ్చుకోండి.

ఓరుగల్లు_పోరడు | అక్టోబర్ 7, ఉదయం 7:05

అన్నా ఏ4 గిట్ల ఎందుకు, అట్టపెట్టెలే మస్తుగున్నయి కదా నీ దగ్గర 😀 నేను సీరియస్‌గనే చెప్తున్న. ఇల్లు తర్వాత గియ్యొచ్చు, ముందుగాల డబ్బలు గియ్యి. నీ షాపుల ఉన్నన్ని డబ్బలు ఇంకెవ్వని దగ్గర ఉంటయే? మాత్రల డబ్బ ఒకటి కౌంటర్ మీద పెట్టు, గియ్యి. కొంచెం తిప్పి పెట్టు, మళ్ల గియ్యి. రోజుకు పది. ఇల్లంటే ఏందన్నా, ఒక పెద్ద డబ్బ, దాని మీద బోర్లేసిన పుస్తకం. డబ్బ వస్తే ఇల్లు వచ్చినట్టే.

ప్రాంప్ట్‌రాజా | అక్టోబర్ 7, ఉదయం 9:31

సర్ మూడు నెలలు ఎందుకు? ఫోటో ఏఐలో వేస్తే పెన్సిల్ స్కెచ్, వాటర్ కలర్, ఏ స్టైల్ కావాలంటే ఆ స్టైల్‌లో పది సెకన్లలో ఇస్తుంది. ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించుకోండి. ఓపెన్‌గా చెప్తున్నా, టైమ్ వేస్ట్.

నైట్‌షిఫ్ట్_డల్లాస్ | అక్టోబర్ 7, ఉదయం 9:58

ఆయన ఇంటి బొమ్మ కావాలని అడగలేదు బ్రో, ఇల్లు గీయాలి అన్నాడు. భోజనం ఎలా వండాలి అనడిగితే హోటల్ నంబర్ ఇస్తావేంటి.

ప్రాంప్ట్‌రాజా | అక్టోబర్ 7, ఉదయం 10:02

హోటల్లో కూడా అన్నమే పెడతారుగా 😏

డ్రాయింగ్‌మాష్టారు_రిటైర్డ్ | అక్టోబర్ 7, మధ్యాహ్నం 2:15

ఆ గొడవ పక్కన పెట్టండి నాయనా.

మందులషాపు గారూ, జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 సంవత్సరాలు డ్రాయింగ్ చెప్పాను. పిల్లలైనా పెద్దలైనా మొదటి తప్పు ఒకటే. కళ్ల ముందున్నది గీయరు, తలలో ఉన్నది గీస్తారు. ఇల్లు అనగానే తలలో ఒక ఇల్లుంది, మీకే కాదు అందరికీ, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక త్రికోణం, కింద చదరం, పక్కన కొబ్బరిచెట్టు. మా క్లాసులో నలభై మందికి నలభై మందీ అదే గీసేవారు, వాళ్లలో సగం మంది కొండ అనేదాన్ని చూసి కూడా ఎరగరు. మీ ఇల్లు చతికిలబడింది అన్నారు కదా, ఎందుకో చెబుతాను. తలుపు ముఖ్యం, మీరు ఎన్నిసార్లు దాటారో ఆ గడప, కాబట్టి మనసు దాన్ని పెద్దది చేస్తుంది. పైకప్పు గురించి ఎప్పుడూ ఆలోచించరు కాబట్టి దాన్ని చిన్నది చేస్తుంది. పెంకుటింటికి ఎదురుగా నిలబడి చూడండి, కంటికి కనిపించే దాంట్లో ఇంచుమించు సగం కప్పే.

కొలత ఒకటి నేర్చుకోండి. పెన్సిల్ నిలువుగా పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపండి, మోచెయ్యి వంగకూడదు, ఒక కన్ను మూయండి. పెన్సిల్ కొన తలుపు పైన ఆనేట్టు, బొటనవేలు గోరు గడప దగ్గర ఆనేట్టు. ఇప్పుడదే కొలతని అడ్డంగా తిప్పి ఇంటి వెడల్పుకి ఎన్ని తలుపులు పడతాయో లెక్కపెట్టండి. కప్పు ఎత్తుకి ఎన్ని తలుపులో చూడండి. అంకెలు కాగితం మూల రాసుకోండి. ఆ తర్వాతే మొదటి గీత.

మందులషాపు | అక్టోబర్ 7, రాత్రి 11:10

మాష్టారూ మీరు నా అట్టముక్క చూడకుండానే చెప్పారు, తలుపు నిజంగానే పెద్దదేశా. 🙏 పోరడు తమ్ముడూ డబ్బాలు రేపట్నుంచే.

చుక్కలముగ్గు | అక్టోబర్ 8, ఉదయం 6:40

నేనిక్కడ బొమ్మల గ్రూపులో ముగ్గుల మనిషిని, నవ్వకండి. మాష్టారు గారు కొలత చెప్పారు బానే ఉంది, కానీ గీత సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్ల గీత వెంట్రుకల్లా ఉంటుంది, చిన్నచిన్న ముక్కలు ముక్కలుగా గోకుతారు. ఎందుకంటే మణికట్టుతో రాసినట్టు గీస్తారు.

మీ ఇంట్లో ఆడవాళ్లు ముగ్గేసేటప్పుడు ఎప్పుడైనా చూశారా, చూసి ఉండరు, తొక్కకుండా దాటి వెళ్లుంటారు అంతే. నడుం దగ్గర వంగుతాం, చెయ్యి భుజం దగ్గర్నుంచి కదుల్తుంది, మణికట్టు కదలదు, వేళ్ల మధ్య పిండి జారుతుంటుంది. కన్ను చేతి మీద ఉండదు, చేరాల్సిన చుక్క మీద ఉంటుంది. చేతిని చూస్తూ లాగితే గీత వణుకుతుంది, చుక్కని చూస్తూ లాగితే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. ఇది చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పింది.

కాబట్టి కాగితం మీద రెండు చుక్కలు పెట్టండి, జానెడు దూరం. గాల్లోనే రెండుసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి ఒకే లాగు. తప్పితే చెరపొద్దు, పక్కనే ఇంకోటి. రోజూ ఒక పేజీ. పదిరోజులకి మీకే తెలుస్తుంది.

డ్రాయింగ్‌మాష్టారు_రిటైర్డ్ | అక్టోబర్ 8, ఉదయం 8:20

అమ్మా, 31 ఏళ్లలో నేను గీత గురించి ఇంత బాగా చెప్పలేదు.

బైపీసీ_సెకండియర్ | అక్టోబర్ 8, సాయంత్రం 5:44

హాయ్ నేను కూడా బిగినర్ ఏ, కానీ నాకు ఫేసెస్ కావాలి. ఎంత ట్రై చేసినా నుదురు అసలు ఉండట్లేదు, అందరూ విలన్స్ లాగా వస్తున్నారు ప్లీజ్ హెల్ప్

బ్యానర్‌బాబు | అక్టోబర్ 8, సాయంత్రం 6:30

కళ్లు పైకి పెట్టేస్తున్నావమ్మా. తల పై కొస నుంచి గడ్డం దాకా తీసుకుంటే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. నమ్మబుద్ధి కాదు, అద్దం ముందు స్కేలు పెట్టుకుని చూడు. ఇంకోటి, అరచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి మధ్యవేలు కొస దాకా ఎంతుంటుందో గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే దాకా దాదాపు అంతే ఉంటుంది. చెయ్యి మొహం మీద పెట్టుకుని చూస్కో. విగ్రహాలు చెక్కేవాళ్లు తాళం అని కొలిచేది ఇదే.

మందులషాపు గారికి: మా నాన్న విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసేవాడు. జేబులో పట్టే ఫోటోని నలభై అడుగుల గుడ్డ మీదకి ఎలా ఎక్కించేవాడనుకున్నారు? గళ్లు. ఫోటో మీద సన్నగా గళ్లు కొట్టి, గుడ్డ మీద సుద్దదారంతో అన్నే పెద్ద గళ్లు కొట్టి, ఏ గడిలో ఉన్నది ఆ గడిలో దించడమే. ఫ్లెక్స్ వచ్చి ఆ పని పోయింది గానీ పద్ధతి పోలేదు. మీకు టైమ్ తక్కువుంది, ఫోటో మీద గళ్లు కొట్టుకోండి, ఈ కొలతలూ పెన్సిళ్లు చాపడాలూ అన్నీ తర్వాత.

సివిల్_పనోడు | అక్టోబర్ 8, రాత్రి 9:15

గళ్లతో దించితే బొమ్మ వస్తుంది, గీయడం రాదు. రెండూ వేరు.

బ్యానర్‌బాబు | అక్టోబర్ 8, రాత్రి 9:22

మా నాన్నకి గీయడం రాదంటావా?

సివిల్_పనోడు | అక్టోబర్ 8, రాత్రి 9:40

అయ్యో అలా కాదన్నా. మీ నాన్నగారికి ముందే వచ్చు, గళ్లు పని తొందరగా అవడానికి వాడారు. రానివాళ్లు గళ్లు వాడితే ఆ గడిలో గీత ఎందుకు వంగిందో తెలీదు, వంగింది కాబట్టి వంచుతారు. ఫోటో లేకపోతే చెయ్యి ఆగిపోతుంది. అంతే నే చెప్పేది.

డ్రాయింగ్‌మాష్టారు_రిటైర్డ్ | అక్టోబర్ 9, ఉదయం 7:50

ఇద్దరిదీ నిజమే. ఒక్కసారి గళ్లతో దించండి, ఎక్కడెక్కడ ఆశ్చర్యపోయారో గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆ కాగితం బీరువాలో పెట్టి తాళం వేసి, ఏమీ చూడకుండా ఇంటి ముందు కూర్చుని గీయండి.

మందులషాపు | అక్టోబర్ 21, రాత్రి 11:35

రెండు వారాలైందండీ. డబ్బాలు మొత్తం 140 దాకా గీశా (పారాసిటమాల్ డబ్బా కళ్లు మూసుకుని గీస్తానిప్పుడు). షాపుకొచ్చేవాళ్లు ఏంటి స్టాకు లెక్కలా అంటున్నారు. గీత కాస్త తిన్నబడింది, చుక్కలముగ్గు గారూ మీ దయ, మా ఆవిడ ముగ్గేస్తుంటే నిజంగానే మొదటిసారి నిలబడి చూశా, ఏంటలా చూస్తున్నారు పిచ్చెక్కిందా అంది.

కానీ సమస్య. డబ్బాలు బానే వస్తున్నాయి, ఇల్లు రావట్లేదు. ఆదివారం ఊరెళ్లి మూడు గంటలు కూర్చున్నా, పెంకులు ఒక్కొక్కటీ గీశా, పైవరస నుంచి మొదలెట్టి, నాలుగో వరసకొచ్చేసరికి చెయ్యి పడిపోయింది. చూస్తే కప్పు మీద చేప పొలుసులు పరిచినట్టుంది. అరుగేమో వీధిలోకి జారిపోతున్నట్టుంది. ఫోటో పెడుతున్నా, నవ్వండి పర్లేదు.

ఓరుగల్లు_పోరడు | అక్టోబర్ 22, ఉదయం 7:30

నవ్విన అన్నా, సారీ. కానీ తలుపు మంచిగచ్చింది, దేవుడి మీద ఒట్టు.

కరక్కాయ | అక్టోబర్ 22, ఉదయం 10:10

పెంకుల గురించి నేను చెప్తా. మాది శ్రీకాళహస్తి, మా ఇంట్లో కలంకారీ పని. మేం గుడ్డ మీద మొదట గీసేది చింతపుల్లలు కాల్చిన బొగ్గుతోనే. దాంతో కావాలంటే దులిపేసుకోవచ్చు. తర్వాత కలం పట్టి కసిమి నలుపుతో గీస్తే (అంటే ఇనుప తుక్కు బెల్లం నీళ్లలో నానబెట్టి తీసేది) ఇంక దిద్దడానికి ఉండదు, గుడ్డ కరక్కాయా పాలల్లో తడిపి ఆరేసి ఉంటుంది కదా, పట్టేస్తుంది. అందుకని చిన్నప్పట్నుంచీ మాకు నేర్పేది ఏంటంటే ఏది గీయాలి అని కాదు, ఏది గీయక్కర్లేదు అని.

మీరు కళ్లు సగం మూసి ఆ కప్పు చూడండి. పెంకులు కనపడవు. ఒక పెద్ద బూడిదరంగు పరుపు కనిపిస్తుంది, చూరు కింద నల్లటి చార, అక్కడక్కడా విరిగిన చోట మచ్చలు. అదే గీయండి. చూరు అంచులో ఓ పది పెంకులు స్పష్టంగా, పైన ఎండ తగిలే చోట అక్కడక్కడా నాలుగు. మిగతావి చూసేవాళ్లు వాళ్లే పేర్చుకుంటారు.

ఒక నెల బొగ్గుతో చేసి చూడండి అసలు. పెన్సిల్ ముల్లు సన్నం కాబట్టి సన్నసన్నవి గీయాలనిపిస్తుంది. బొగ్గుముక్కతో పెంకు గీద్దామన్నా గీయలేరు 😀

సివిల్_పనోడు | అక్టోబర్ 22, మధ్యాహ్నం 1:25

అరుగు జారడం నా డిపార్ట్‌మెంట్. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మీ కంటి ఎత్తులో ఒక అడ్డగీత ఊహించుకోండి, దాన్ని కంటిమట్టం అందాం. నిలబడితే నేల నుంచి ఐదడుగులు సుమారు. ఇంటి గోడ మీకు దూరంగా పోతున్నకొద్దీ, కంటిమట్టం కంటే పైనున్న గీతలన్నీ (చూరు, తలుపు పై కమ్మీ) కిందకి వాలుతూ పోతాయి, కిందున్న గీతలన్నీ (అరుగు, గడప, మెట్లు) పైకి లేస్తూ పోతాయి. అన్నీ కంటిమట్టం మీద ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. మీ బొమ్మలో చూరు కరెక్టుగా వాలింది, అరుగు కూడా అదే వాటంలో వాలింది, అందుకే వీధిలోకి జారింది.

డబ్బాలు ఎందుకొచ్చాయి మరి అంటే, కౌంటర్ మీద డబ్బా ఎప్పుడూ మీ కంటి కిందే ఉంటుంది. మీరు కంటిపైన ఉన్న డబ్బా ఒక్కటీ గీయలేదు. ర్యాక్ పై అరలో ఉన్నవి గీయండి.

రెండోది, మూలనుంచి చూస్తే రెండు గోడలకీ రెండు కలిసే చుక్కలుంటాయి, అవి మామూలుగా కాగితం బయట పడతాయి. అందరూ కాగితం లోపలే ఇరికిస్తారు, ఇల్లు ముక్కు పొడుచుకొచ్చినట్టు వస్తుంది. కాగితాన్ని పెద్ద అట్ట మీద అంటించి చుక్కలు అట్ట మీద పెట్టుకోండి.

మూడోది కప్పు శిఖరం. పక్కగోడ వాలుగా కనపడుతున్నప్పుడు మధ్య ఎక్కడో స్కేలుతో కొలిస్తే తప్పు వస్తుంది. ఆ గోడ నాలుగు మూలల్నీ ఎదురెదురుగా కలపండి, రెండు గీతలు ఎక్కడ కోసుకుంటాయో అదే అసలు మధ్య. అక్కణ్ణుంచి నిటారుగా పైకి లేపితే శిఖరం ఆ గీత మీదే ఉంటుంది.

ఫోటో చూసి గీసేవాళ్లకి ఒక మాట, ఫోన్ దగ్గరగా పెట్టి పైకెత్తి తీస్తే నిలువు గోడలు పైకి పోతూ దగ్గరైపోతాయి, ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. దూరంగా వెళ్లి, ఫోన్ నిటారుగా పట్టుకుని జూమ్ చేసి తీసుకోండి.

మందులషాపు | అక్టోబర్ 22, రాత్రి 11:48

మూడుసార్లు చదివా. నాలుగోసారి డబ్బా పట్టుకుని చదివా, అప్పుడెక్కింది. గోడ మూలలు కలిపితే మధ్య దొరకడం అనేది... ఇంత సింపుల్ విషయం 44 ఏళ్లు ఎవరూ చెప్పకపోవడమేంటండీ.

ప్రాంప్ట్‌రాజా | అక్టోబర్ 23, ఉదయం 11:00

అన్నీ చదువుతున్నా. ఊరికే ఆ శిఖరం ట్రిక్ చేసి చూశా. కరెక్టే. ఇంకేం అనట్లేదు.

బైపీసీ_సెకండియర్ | అక్టోబర్ 29, రాత్రి 8:12

కళ్లు సగంలో పెట్టా!! మా చెల్లి మా చెల్లి లాగే వచ్చింది. తనే ఒప్పుకోవట్లేదు

మందులషాపు | నవంబర్ 24, రాత్రి 12:20

చాలారోజులైంది. నిజం చెప్పాలంటే మానేశానండీ. దీపావళి నుంచి పెన్సిల్ ముట్టలేదు. పోయిన నెల బొమ్మలు వరసగా పేర్చి చూసుకుంటే మొదటివారం కంటే నాలుగోవారంవి అధ్వాన్నంగా కనపడ్డాయి. ఇన్‌స్టాలో పదహారేళ్ల పిల్లలు రిఫ్లెక్షన్లతో సహా నీటిబొట్టు గీస్తున్నారు, మనకెందుకీ వేషాలు అనిపించింది. షాపులో ఎవరో పెద్దాయన "ఇంకా చిన్నపిల్లాడిలా బొమ్మలేంటయ్యా" అన్నాడు, మామూలుగా అయితే నవ్వేసేవాణ్ణి.

డ్రాయింగ్‌మాష్టారు_రిటైర్డ్ | నవంబర్ 25, ఉదయం 6:30

బొమ్మలు అధ్వాన్నం అవలేదు. కన్ను ముందు ఎదుగుతుంది, చెయ్యి వెనకాల వస్తుంది. మొదటివారం మీకు తప్పులు కనపడేవి కావు కాబట్టి బానే ఉన్నాయనుకున్నారు. క్లాసులో దీన్ని ఎన్నిసార్లు చూశానో. సరిగ్గా ఇక్కడే సగం మంది మానేస్తారు.

ఒక పని చేయండి. మీకు రాజమండ్రి దగ్గరే కదా, ఒక పూట దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్లిరండి. 1925లో పోయాడాయన, 28 ఏళ్లు కూడా నిండలేదు. రంగు పటాలు అందరూ చూస్తారు, మీరు పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర నిలబడండి. ఎంత గీశాడు, ఎంత వదిలేశాడు, ఎక్కడ గీత రెండోసారి వేశాడు, అది చూడండి. ఇన్‌స్టాలో నీటిబొట్టు గీసిన వాళ్లు తప్పు గీతలు చూపించరు.

నైట్‌షిఫ్ట్_డల్లాస్ | నవంబర్ 25, ఉదయం 8:40

+1. ఇంకోటి, బాపు గారు చదివింది లా. కాలేజీలో బొమ్మలు నేర్చుకుని రాలేదు. (ఆయనతో మనకి పోలికా అనకండి, నాక్కూడా తెలుసు. ఊరికే ధైర్యానికి.)

బ్యానర్‌బాబు | నవంబర్ 25, మధ్యాహ్నం 3:00

మా నాన్న రాసిన బ్యానర్ రెండు వారాలు ఉండేది హాలు మీద. సినిమా పోగానే దింపి, తెల్లరంగు కొట్టి, అదే గుడ్డ మీద ఇంకోటి. ఒక్కటీ మిగల్లేదు మా ఇంట్లో. ఒకసారి అడిగా బాధగా ఉండదా అని. రేపటికి రంగు కలపాలి, జరుగు, అన్నాడు. మీరూ రంగు కలపండి సారూ, ఆ పెద్దాయన సంగతి వదిలేయండి.

మందులషాపు | డిసెంబర్ 8, రాత్రి 10:15

రాజమండ్రి వెళ్లొచ్చానండీ. గంటన్నర ఉన్నా. స్కెచ్‌ల దగ్గర నిలబడితే మొదట్లో ఏం అర్థంకాలేదు, తర్వాత ఒక మనిషి వీపు, ఒక్క గీత, మెడ దగ్గర్నుంచి నడుం దాకా, మధ్యలో ఎక్కడా ఆగలేదు. చుక్కలముగ్గు గారు గుర్తొచ్చారు, ఆయనకి చేరాల్సిన చుక్క ఎక్కడుందో ముందే తెలుసు.

మళ్లీ మొదలెట్టా. బొగ్గు కూడా. చింతపుల్లలు వేలు పొడవు ముక్కలు చేసి రేకు డబ్బాలో బిగించి మూతకి చిన్న చిల్లు పెట్టి పొయ్యిలో పెట్టా. మొదటిసారి తొందరగా మూత తీశా, గాలి తగిలి మొత్తం బూడిదైంది. రెండోసారి రాత్రంతా చల్లారనిచ్చా, నిజంగా బొగ్గు వచ్చింది! చేతులు, చొక్కా, బిల్లుబుక్కు అన్నీ నల్లగా అయ్యాయి, ఆవిడ ఏమీ అనట్లేదు, అదే భయంగా ఉంది.

కరక్కాయ | డిసెంబర్ 8, రాత్రి 10:50

అబ్బ!! డబ్బా పద్ధతి కరెక్టే. గీశాక ఊదండి, గుడ్డతో తుడవకండి.

చుక్కలముగ్గు | డిసెంబర్ 9, ఉదయం 6:15

నెలగంట పెట్టబోతున్నారు కదా, ధనుర్మాసం అంతా మీ వీధిలో పొద్దున్నే పాఠాలే మీకు. ఫ్రీ.

మందులషాపు | జనవరి 4, సాయంత్రం 7:30

అయిపోయిందండీ. ఫోటో పెడుతున్నా. మూడు ఆదివారాలు, ఊళ్లోనే, వీధికి అటుపక్క వేపచెట్టు కింద నిలబడి గీశా. గళ్ల కాగితం మాష్టారు చెప్పినట్టే బీరువాలో ఉంది. కంటిమట్టం గీత ముందు పెట్టుకున్నా, చుక్కలు అట్ట మీద, శిఖరం మూలలు కలిపి. వెడల్పుకి ఐదున్నర తలుపులు. కప్పు మీద పెంకులు లెక్కపెడితే 17 గీశానంతే కరక్కాయ గారూ. కరెంటు మీటరు కూడా పెట్టా, అదీ ఇంటిదే కదా.

మా అమ్మాయి చూసి ఏం అడగలేదు. ఏంటో అని అడగలేదంటే ఇల్లే అని తెలిసినట్టే కదండీ.

ఓరుగల్లు_పోరడు | జనవరి 4, సాయంత్రం 7:41

అన్నా!! ఏందన్నా ఇది!! అక్టోబర్ ఫోటో పక్కన పెట్టి చూస్తున్న. నువ్వే గీసినవా ఒట్టు?

నైట్‌షిఫ్ట్_డల్లాస్ | జనవరి 4, సాయంత్రం 7:55

చూరు కింద ఆ నీడ. ఇక్కడ మైనస్ రెండు డిగ్రీలుంది, అది చూస్తే మధ్యాహ్నం ఎండ గుర్తొచ్చింది.

సివిల్_పనోడు | జనవరి 4, రాత్రి 8:20

స్తంభం ఒకటి అర సెంటీమీటరు ఎడమకి వాలింది. మిగతాదంతా పాస్. 👏

మందులషాపు | జనవరి 6, రాత్రి 11:05

ఒక చిన్న సమస్య వచ్చింది, మీరే చెప్పాలి. నిన్న అమ్మకి చూపించా. చాలాసేపు చూసింది. బావుంది అంది. తర్వాత "కానీ అరుగు అంత కిందకుందేంట్రా, దాని పైభాగం కనపడుతోందేంటి, గడప ఇంత పొట్టిదా, చూరు ఇంకా పైకుంటుంది కదా" అంది. నాకు డౌటొచ్చి టేపుతో కొలిచిన లెక్కలు తీశా. అరుగు రెండున్నర అడుగులు. అన్నీ కరెక్టే. అమ్మ మాత్రం "ఏమో రా, నేనున్న ఇల్లు ఇలా ఉండేది కాదు" అంటోంది. కళ్లు సరిగ్గా కనపడక అనుకుందామంటే ఆపరేషన్ అయింది, బానే చూస్తుంది.

డ్రాయింగ్‌మాష్టారు_రిటైర్డ్ | జనవరి 7, ఉదయం 6:45

అమ్మగారు ఆ ఇంటి ముందు ఎక్కడ కూర్చునేవారు?

మందులషాపు | జనవరి 7, ఉదయం 7:20

వాకిట్లో. పీట వేసుకుని. బియ్యం ఏరడం, కూరలు తరగడం, మాకు జడలు, అన్నీ అక్కడే, పొద్దు వాలేదాకా.

సివిల్_పనోడు | జనవరి 7, ఉదయం 7:34

ఓహో అయితే అదే. పీట మీద కూర్చున్న మనిషికి కంటిమట్టం నేల నుంచి రెండున్నర అడుగులు. మీ అరుగు ఎత్తు కూడా అంతే. అంటే ఆవిడకి అరుగు పైభాగం ఎప్పుడూ కనపడి ఉండదు, ఒక్క గీతలా ఉంటుంది అంతే. గడప కంటికంటే పైన. చూరు, స్తంభాలు అన్నీ నెత్తిమీద లేచి ఉంటాయి. మీరు వీధికి అటుపక్క నిలబడి ఐదడుగుల ఎత్తునుంచి గీశారు. రెండూ కరెక్టే, వేరే వేరే ఇళ్లు.

బ్యానర్‌బాబు | జనవరి 7, ఉదయం 7:50

పడగొట్టడం ఎప్పుడన్నారు?

మందులషాపు | జనవరి 7, ఉదయం 8:02

కనుమ వెళ్లాక, పందొమ్మిదిన మేస్త్రి వస్తాడట. ఆదివారం ఊరెళ్తున్నా. ఆ పీట అమ్మ దగ్గరే ఉంది, మంచం కింద. తీసుకెళ్తా.

చుక్కలముగ్గు | జనవరి 7, ఉదయం 8:10

అప్పటికి వాకిట్లో పండగ ముగ్గుంటుంది. అది తొక్కకుండా కూర్చోండి.

కరక్కాయ | జనవరి 7, ఉదయం 8:26

బొగ్గు ఎక్కువ తీసుకెళ్లండి. రబ్బరు ఇంట్లో వదిలేసెళ్లండి.